రేసు పిడిలో రెండు నూనెలు

ఇటు దగ్గరికి జరిగి కూర్చోండి. కాళ్లు చాపుకున్నా ఏమీ అనను, గోడకు ఆనుకున్నా ఏమీ అనను, నడుమ లేచిపోతే మాత్రం ఊరుకోను. వంటింట్లోంచి వాసన వస్తోంది కదా, మాడీ మాడనట్టు, కాస్త పచ్చిగా, కాస్త ఎండు చేపలాగా? గుండెకు మంచిదని డాక్టరు చెప్పాడట, మా మనుమరాలు పొట్లం కొనుక్కొచ్చి అవిసె గింజలు వేయిస్తోంది. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, నాకు మళ్లీ తొమ్మిదేళ్లు వచ్చేస్తాయి. గోదావరి గడ్డ మీద ఎండలో నిలబడి ఉంటాను. మా ఇంటిల్లిపాదీ ఒకరినొకరు కొరికి తినేట్టు చూసుకుంటూ ఉంటారు. అందరి నడుమ, గోనెపట్టా మీద, పడవ మోటరు పిడి ఒకటి విప్పేసి ఉంటుంది.

మాది పడవ నడిపే ఇల్లు. నదికి మా గడ్డ కరీంనగరం జిల్లా, అవతలి గడ్డ ఆదిలాబాదు జిల్లా. రజాకార్ల గడబిడ సద్దుమణిగి, ఆంధ్రప్రదేశ్ అనే పేరు కొత్తగా నోళ్లలో నలుగుతున్న రోజులవి. మా రేవున వంతెన మాట ఇంకా ఎవరి నోటా లేదు. పెద్దపల్లి దిక్కు నుంచి బియ్యం మూటలు, అవతలి నుంచి పత్తి బోరాలు, బొగ్గు బాయి పనికి పోయేవాళ్లు, పెండ్లికి పోయే బాజాలవాళ్లు, గంపల్లో కోళ్లు, తాళ్లకు మేకలు, ఎవరైనా ఏదైనా మా పడవే ఎక్కాలి. వానకాలం నది ఎర్రగా పొంగి రేవు మెట్లను మింగేది, చలికాలం పొద్దున నీళ్ల మీద పొగ లేచి పడవ ముందు కొస వెనుక కొసకు కనబడేది కాదు, ఎండాకాలం నీళ్లు ఒక పాయకు తగ్గితే మిగిలిన ఇసుకంతా కర్బూజ తీగలు పాకేవి. మేం పిల్లలం ఆ ఇసుకలో గుంటలు తీసి కచ్చకాయలు ఆడుకుంటూ, దొరికినప్పుడల్లా పండు దొంగిలించి, గింజలు ఆ గుంటల్లోనే దాచేవాళ్లం.

మా నాన్నను బాపు అనేవాళ్లం. ఇంటికి పెద్ద మా బాపమ్మ, అంటే బాపు తల్లి. నిప్పు కొస నోట్లో పెట్టుకొని చుట్ట తాగేది. ఆ చుట్ట నోట్లో ఉండగానే ముగ్గురిని తిట్టగలిగేది. ఆమె చేతి కందెనకు ఊళ్లో పెద్ద పేరు. కందెన అంటే మీకు తెలియకపోవచ్చు, ఎద్దుల బండి ఇరుసుకు పూసేది. ఆముదాలు వేయించి, దంచి, ఉడికించి, పైకి తేలిన నూనె తీసేది. వరిగడ్డి కాల్చి, ఆ బూడిదను పాత చీర ముక్కలో జల్లెడ పట్టి, ఆ నూనెతో కలిపి అరచేత్తో పిసికి పిసికి నల్లటి ముద్ద చేసేది. దాన్ని వెదురు గొట్టంలో కూరి, బాపు మంచం మీది దూలానికి వేలాడదీసేది. ఆ గొట్టం బాపు, బాపమ్మ తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. మా బండికి రెండెడ్లు ఉండేవి. ఒకటి మా ఇంట పుట్టింది. రెండోది మా చిన్నవ్వతో భైంసా నుంచి వచ్చింది.

చిన్నవ్వ అంటే బాపు తమ్ముడైన మా చిన్నబాపు భార్య. భైంసా నల్లరేగడిలో పుట్టిన మనిషి, సగం మాట మరాఠీలో అనేది. నాలుగు దినుసుల పొళ్లు చేసి డబ్బాల్లో దాచుకొని, నాకొక్కదానికే అన్నంలో కలిపి పెట్టేది. ఆమె పుట్టింటివాళ్లు సారెతో పాటు పంపిన ఆ ఎద్దును బిడ్డలా చూసుకునేది. కొమ్ములకు నూనె రాసేది, దాని చెవిలో ఏదో చెప్పేది.

నది లోతు కొలవడానికి వచ్చిన ఒక కాంట్రాక్టరు పని ముగించుకొని పోతూ, తన చిన్న పడవ మోటరును వదిలించుకోవాలనుకున్నాడు. బాపు ఎవరినీ అడగలేదు. రెండెడ్లను తోలుకుపోయి ఆయనకిచ్చి, బదులుగా మోటరును భుజాన మోసుకొచ్చాడు. ఆ పొద్దు చిన్నవ్వ కొట్టం ముందు ఖాళీ పలుపుతాడు చేతిలో పట్టుకొని ఎంతసేపు నిలబడిందో నేను చూశాను. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

అప్పటినుంచి మా ఇంట్లో అన్నదమ్ములకు మాటల్లేవు. ఒకే పొయ్యి మీద వండింది ఒకే గదిలో ఎడమొగం పెడమొగంగా కూర్చొని తినేవాళ్లు. పొద్దటి పూట పడవ బాపుది, మధ్యాహ్నం నుంచి చిన్నబాపుది. ఏదైనా చెప్పుకోవలసి వస్తే మా కుక్కతో చెప్పుకునేవాళ్లు. "ఓ కుక్కా, తెడ్డు ఇరిగిందని చెప్పు" అని బాపు అంటే, "ఓ కుక్కా, ఇరగ్గొట్టినోన్నే అతుక్కొమ్మను" అని చిన్నబాపు. ఆ కుక్క ఇద్దరి వైపూ తోక ఊపేది. మేం పిల్లలం నవ్వితే ఇద్దరూ కొట్టేవాళ్లు, ఆ ఒక్క విషయంలోనే ఇద్దరూ కలిసేవాళ్లు.

మోటరుకు వెనుక జానెడున్నర కడ్డీ, దాని కొసకు రబ్బరు తొడిగిన పిడి. కడ్డీని పక్కకు నెడితే పడవ మళ్లుతుంది, పిడిని చేతిలో మెలిపెడితే వేగం పెరుగుతుంది, వెనక్కి మెలిపెడితే తగ్గుతుంది. దాన్ని రేసు పిడి అనేవాళ్లం. మొదట్లో బాగానే తిరిగింది. వానలు పడి నదిలోకి ఇసుక నీళ్లు వచ్చాక బిగుసుకోవడం మొదలుపెట్టింది. రోజు రోజుకూ బరువెక్కి, వినాయక చవితి నాటికి రెండు చేతులతో పట్టుకొని పళ్లు కొరికితే తప్ప కదలని స్థితికి వచ్చింది. చిన్నబాపు కుడి మణికట్టు వాచిపోయింది. అన్నం ఎడమ చేత్తో తినకూడదని బాపమ్మ అరిస్తే, ఆ రోజు తినకుండానే లేచిపోయాడు.

ఇక బతుకమ్మ ముందర సంత రోజు వచ్చింది. గట్ల మీద తంగేడు పూసి ఊరంతా పసుపు పచ్చగా ఉంది, ఇళ్లల్లో సత్తుపిండికి మక్కజొన్నలు వేయిస్తున్నారు. పడవ నిండా జనం. మా రేవు దగ్గరికి రాగానే చిన్నబాపు పిడిని వెనక్కి తిప్పబోతే అది తిరగలేదు. "తిరుగుతలేదు! జరుగుండ్రి! జరుగుండ్రి!" అని అరుస్తూనే ఉన్నాడు, పడవ పోయి బండలకు గుద్దుకుంది. ఒక ముసలాయన మిరపకాయల బస్తాతో సహా నడుము లోతు నీళ్లలో పడ్డాడు. ముందు పలక పగిలింది. ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు గాని, ఆ సాయంత్రం నుంచి మా పడవ ఎక్కేవాడు లేడు. ఆ మోటరుకేదో పట్టిందన్న మాట రెండు గడ్డల మీదా పాకింది.

ఇక్కడ నోరు జారింది నేను. బాపమ్మ నన్ను పిలిచి, "మొన్న పగటాల మీ చిన్నవ్వ యాడికి వోయింది? పిలిస్తె పలుకలే" అంది. నేను కచ్చకాయలు ఎగరేసుకుంటూ, "పడవకాడికి. సీసలకెల్లి మోటరుకు ఏందో పోసింది" అన్నాను. అంతే. కచ్చకాయ కింద పడక ముందే బాపమ్మ వాకిట్లోకి పోయి కొంగు నడుముకు చుట్టింది.

"ఎద్దు ఎవలింటికెల్లి వచ్చిందో, ఉసురు గూడ ఆడికెల్లే వచ్చింది! పట్టపగలు పోయి మోటరుకు మందు వోసింది భైంసది!"

చిన్నవ్వ పొయ్యి ముందు నుంచి లేవలేదు. పోశావా అని ఎవరూ అడగలేదు, ఎందుకు పోశావని అసలే అడగలేదు. అడిగే తీరులో అడిగితే చెప్పే మనిషే. అడగనివాళ్లకు చెప్పే మనిషి కాదు. బాపు వచ్చి గడప మీద నిలబడి, ఈసారి కుక్కతో కాకుండా అందరితో అన్నాడు: "ఖాజా సాబును పిలిపిస్త. ఆయన విప్పుతడు. అండ్ల ఎవలో ఏందో పోసిండ్రని తేలిందనుకో, గదే పడవల దీన్ని అవతలి గడ్డకు తోలుత. భైంసకు పోతదో, బాయిలనే దుంకుతదో నాకక్కరలేదు."

చిన్నబాపు ఏమన్నాడనుకుంటున్నారు? ఏమీ అనలేదు. గోడకేసి తిరిగి పడుకున్నాడు. బాపు అన్న మాటను నేను ఎప్పుడో మన్నించాను గాని, చిన్నబాపు అనని మాటను ఇప్పటికీ మన్నించలేదు. చిన్నవ్వ పొయ్యి ఆర్పి, తన నాలుగు చీరలు, పొళ్ల డబ్బాలు, ఆ పలుపుతాడు ఒక దుప్పట్లో పెట్టి మూట కట్టింది. నేను దగ్గరికి పోతే ముఖం చూడలేదు.

ఖాజా సాబు అవతలి గడ్డ మీద బొగ్గు బాయిల దగ్గర నీటి పంపులు బాగుచేసే మేస్త్రీ. ఎర్ర గోరింటాకు గడ్డం, దారంతో చెవులకు కట్టుకున్న కండ్లద్దాలు, బిస్కెట్ల రేకు డబ్బా నిండా పనిముట్లు. ఆయన చెయ్యి ఎంత మంచిదో నోరు అంత చెడ్డది. గడలతో పడవ నెట్టి ఆయన్ను తీసుకొచ్చారు. దిగుతూనే పిడిని ఒకసారి మెలిపెట్టి చూసి బాపును అడిగాడు:

"దీన్ని ఎవలు రిపేరు చేసిండ్రు?"

"ఎవలు చెయ్యలే సాబు."

"చెయ్యకుంట ఇంత ఖరాబు కాదు."

మోటరును గడ్డ మీదికి తెప్పించి గోనెపట్టా పరిపించాడు. ఊరు సగం వచ్చి చుట్టూ నిలబడింది. ముందు మోటరు దగ్గర, పిడి నుంచి వచ్చే సన్నని కడ్డీని ఊడదీశాడు. మోటరు వైపు మిగిలిన మీటను చిటికెన వేలితో నెడితే సులువుగా పోయి, వదిలితే దానంతటది వెనక్కి వచ్చింది. "మోటరు బేకసూరు" అన్నాడు, దాని తప్పేమీ లేదని. తరువాత పిడిని తిప్పబోతే కదలలేదు. "దొంగ పిడిలనే ఉన్నడు."

బాపమ్మ చుట్ట వెలిగించుకుంది. చిన్నవ్వ ఆడవాళ్ల వెనుక మూట పక్కన నిలబడి ఉంది.

మర ఊడదీసి, వేడినీళ్లు పోసి, రబ్బరును మెల్లగా లాగాడు. పిడి అంచు చుట్టూ తేనె రంగు పొర ఒకటి గట్టిగా అతుక్కొని ఉంది. గోటితో గీకి వాసన చూశాడు. "అవిసె నూనె. తలుపులకు పూసేది. ఎండితె లక్కలెక్క బిగుస్తది. ఎవలు పోసిండ్రు?"

వెనక నుంచి చిన్నవ్వ ముందుకొచ్చింది.

"నేనే పోసిన. జవస నూనె అంటం మేము. మా దిక్కు నాగలికైనా బండికైనా, నీళ్లల్ల నానేదానికి గిదే పూస్తరు." తరువాత బాపు వైపు తిరిగింది. "బావా, నీ తమ్ముని మణికట్టు వాసి రొట్టెలెక్క అయింది. నువ్వు సూడలే. నేను సూసిన. అందుకు పోసిన."

"ఇన్నరా? దాని నోటితోనే ఒప్పుకున్నది" అన్నాడు బాపు. "తెచ్చుకో మూట."

"ఠైరో, ఆగు!" అని ఖాజా సాబు గద్దించాడు. "నా పని కాకముందుగాల ఫైసల చేసుడేంది? నువ్వు జడ్జివా, పడవోనివా?"

పిడికి లోపల తిరిగే కడ్డీ మిగిలింది. అది రానంటే రానంది. కిరసనాయిలు పోసి నానబెట్టి, చిన్న కర్ర సుత్తితో అటు ఇటు తట్టి తట్టి, కాలితో తొక్కిపట్టి గుంజాడు. సర్రున వచ్చింది. దాని నిండా కాటుకలాంటి నల్లటి ముద్ద, ఎండకు ఇసుక రేణువులు తళతళలాడుతూ. పుల్ల కొసన కాస్త తీసి అందరికీ కనిపించేలా పైకెత్తాడు ఆయన.

"ఇగో, అసలు బీమారి ఇది. పైపొర నిన్న మొన్నటిది, ఇది నెలల సంది ఉన్నది. ఏ బుద్ధిలేనోడు మెత్తిండు దీన్ని? గీ కచర, గీ చెత్త తయారు చేసినోనికి చేతులున్నయా, గిట్టలున్నయా?"

బాపమ్మ నోట్లోంచి చుట్ట తీసింది.

"ఏయ్ సాబూ, నోరు సంబాలించుకో! కచరనా అది? నా చేతి కందెన అది! మా మామ కాలం సంది గీ ఊరి బండ్లన్ని దాని మీద నడిచినయి! కరీంనగరం దాక పోయి వచ్చినా ఇరుసు కిర్రుమనలే! నీ తాతకు తెలుసు నా కందెన, నీకేం తెలుసు!"

అన్నాక, ఏమన్నదో ఆమెకే తెలిసింది. చుట్ట చేతిలోనే ఆగిపోయింది. కందెన గొట్టం ఎవరి మంచం మీద వేలాడుతుందో మా ఇంట్లోవాళ్లకే కాదు, ఊరందరికీ తెలుసు. అందరి ముఖాలూ బాపు వైపు తిరిగాయి.

నాలుగు నెలల్లో మొదటిసారి చిన్నబాపు నేరుగా ఆయనతో మాట్లాడాడు. "అన్నా, నువ్వు పెట్టినవా?"

"తిరుగుతలేదని పెట్టిన" అన్నాడు బాపు నేల చూస్తూ. "పొద్దుగాల పడవ తీసేముందు రోజింత పెట్టిన. నువ్వు సూసుకుంటలేవని పెట్టిన."

"నేను సూసుకుంటలేనా?"

"కొట్లాట తర్వాత" అన్నాడు ఖాజా సాబు. కడ్డీ తిరిగే చోట ఉండే ఇత్తడి గొట్టం ముక్కను తీసి కడిగి, నేరుగా బాపమ్మ చేతిలో పెట్టాడు. "అవ్వా, ఇత్తడి చెంబు దేనితోని తోముతవు?"

"బూడిదతోని."

"దినాం తోమితే?"

"అరుగుతది."

"మరి సూడు."

బాపమ్మ దాన్ని ఎండకు పట్టి చూసింది. ఒక వైపు మందంగా, ఒక వైపు కాగితంలా అరిగి ఉంది. లోపల గీతలు. అందులో కడ్డీ వాలిపోయి, వాలిన చోటల్లా కరుచుకుంటోంది. బండి ఇరుసుకు ప్రాణం పోసిన బూడిదే ఇక్కడ చెంబును తోమినట్టు తోమి తినేసింది. ఆమె బొటనవేలిని ఆ గీతల మీద చాలాసేపు రాసింది. ఇత్తడి అరిగిందో లేదో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర లేదు. తిరిగి ఇచ్చేసింది.

మిగతా పని ఖాజా సాబు పొద్దు వాలేలోపు ముగించాడు. కడ్డీని కిరసనాయిలులో కడిగి, సన్న గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాడు. కొత్త గొట్టం ముక్క ఎక్కడ దొరుకుతుంది? పాడైన ఇత్తడి బ్యాటరీ లైటు ఒకటి తన డబ్బాలోంచి తీసి, దాని ఒంటి రేకును కత్తిరించి, అరిగిన వైపు చుట్టి కూర్చోబెట్టాడు. అవిసె పొరను చాకుతో గీకేస్తే రెండు నిమిషాల్లో పోయింది. చివరికి శనగ గింజంత అసలు గ్రీజు రాసి, విప్పేటప్పుడు తాను గీసుకున్న గుర్తుకు గుర్తు కలిపి, సన్నని కడ్డీని మళ్లీ తగిలించాడు. రెండు వేళ్లతో పిడి తిప్పాడు. తిరిగింది. బాపును తిప్పమన్నాడు, చిన్నబాపును తిప్పమన్నాడు. వాళ్లు ఒకరి తరువాత ఒకరు తిప్పి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా పక్కకు జరిగారు.

"మల్ల బరువైతె నూనెలు పోయకుండ్రి. నాకు కబురు పెట్టుండ్రి. అవిసెలు, ఆముదాలు, రేపు నెయ్యి గూడ పోస్తరు మీరు."

మోటరు పడవకెక్కింది. ఖాజా సాబును అవతలికి దింపాలి. ఆయన ఎక్కి కూర్చున్నాడో లేదో, చిన్నవ్వ తన మూటతో వచ్చి ఆయన ఎదురు పలక మీద కూర్చుంది.

"నువ్వేడికి?" అన్నాడు ఆయన.

"భైంసకు. తోలుతన్నరు గద. తోలుమనుండ్రి."

మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, గడ్డ మీది నుంచి, "దిగు చెల్లె, పండుగ పూట గిదేంది" అని బతిమాలింది. చిన్నవ్వ తల తిప్పలేదు. బాపు మోటరు తాడు చేతికి చుట్టుకొని నిలబడ్డాడు. గుంజడు, వదలడు. పొమ్మన్నది ఆయన, ఇప్పుడు వద్దనాలంటే నోరు రావాలి. మా ఇంటి మగవాళ్లకు తిట్టడానికి వచ్చినంత నోరు దేనికీ రాదు. చిన్నబాపు తన కాలి వేళ్లను లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ తాడు గుంజితే చిన్నవ్వ వెళ్లిపోతుంది, నా ఒక్క మాటకు వెళ్లిపోతుంది.

అప్పుడు బాపమ్మ దిగింది నీళ్లలోకి. చీర మోకాళ్ల దాకా తడుపుకుంటూ పడవ పక్కకు పోయి, వంగి, ఆ మూటను గుంజుకొని తన నెత్తి మీద పెట్టుకుంది. అత్త తన కోడలి మూట నెత్తికెత్తుకోవడం మా వైపు ఎవరూ చూసి ఉండరు.

"నేను సచ్చినంక యాడికన్న పో! నేను బతికుండంగ నా కోడలు మూటతోని నది దాటితె, అవతలి గడ్డోల్లు ఏమంటరు? ముసల్ది కూడు పెడుతలేదంటరు! నా ఇజ్జతి తీస్తవే భైంసదానా?"

"నా మూట నాకియ్యి అత్తా!"

"వచ్చి తీసుకో!"

తిడుతూనే రేవు ఎక్కింది. తిడుతూనే వీధిలోకి మళ్లింది. చిన్నవ్వ లేచి, పడవలోంచి దూకి, తడి కాళ్లతో ఇసుకలో ఆమె వెనక పరుగెత్తింది, "ముసల్దానా, డబ్బలు పలుగుతయి, మెల్లగ నడువు!" అని అరుస్తూ. ఖాజా సాబు గడ్డం గోక్కొని, "ఇగ గుంజు భాయి తాడు" అన్నాడు. బాపు గుంజాడు.

ఆ బతుకమ్మకు మా ఇంట్లో ఒకరితో ఒకరు మంచి మాట అన్నది లేదు. సత్తుపిండి మాత్రం అందరికీ ఒకే తాంబాళంలో కలిపారు. ఎద్దు తిరిగి రాలేదు, ఆ సంగతి చిన్నవ్వ బాపుకు ఏ పండుగకూ గుర్తు చేయకుండా వదలలేదు. నాకైతే ఆరు నెలలు శిక్ష. అప్పటిదాకా నా జడ ఆమే వేసేది. దువ్వెన తీసుకొని దగ్గరికి పోతే, "చాడీలు చెప్పే నోరున్నది గద, గా నోటితోనే ఏసుకో జడ" అనేది. ఏసంగి కోతలప్పుడు, ఎండలు ముదిరే వేళ, ఒక రోజు తనంతట తానే నన్ను కూర్చోబెట్టి, కండ్లల్లో నీళ్లు తిరిగేంత బిగించి అల్లింది. అదే మన్నింపు అనుకున్నాను. అడగలేదు.

ఇప్పుడు వంతెన మీద బస్సులు పోతున్నాయి, కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు కిందికి కూడా చూడరు. రేవు మెట్లు మట్టిలో పూడుకుపోయాయి. మోటరు పాత ఇనుముకు పోయింది. బండ్లు లేవు, కందెన అంటే ఏమిటో మా మనుమరాలికి నేను మూడుసార్లు చెప్పవలసి వచ్చింది. బాపమ్మ పోయిన నాడు చిన్నవ్వ ఆమె తల ఒళ్లో పెట్టుకొని, ఏడుస్తూనే నాలుగు తిట్లు తిట్టింది. ఇప్పుడు ఆమె కూడా లేదు. ఇప్పటి ఇళ్లల్లో అంత గట్టిగా కొట్లాడుకోవడం నేను చూడలేదు. కోపం వస్తే ఫోను ఎత్తరు, అంతటితో సరి. వెనక పరుగెత్తవలసిన పని ఎవరికీ పడదు.

మీరు విన్నారు, చల్లగా ఉండండి. మీ పొయ్యి ఆరకూడదు, మీ కంచం ఎండకూడదు. కోపతాపాలు ఏ ఇంట లేవు, మీ ఇంటా ఉండనీ. కాని కోపంతో గడప దాటిన మనిషి మూటను నెత్తికెత్తుకొని, తిడుతూ తిడుతూ ఇంటికి మళ్లించే ముసలమ్మ ఒకతి మీ ఇంట తరతరాలకూ ఉండాలి. పచ్చగా బతకండి.